మా తోడికోడలి వేటమాంసం

మా అత్తవారి తరఫు వాళ్ళందరి టాక్స్ రిటర్నులూ నేనే చేస్తాను. డల్లాస్ పక్కన ప్లేనోలో మా గరాజ్ పక్క గదిలో ఒక బల్ల, రెండు స్క్రీన్లు, ఒక ప్రింటరు పెట్టుకుని, జనవరి నుంచి ఏప్రిల్ మధ్య దాకా తెలుగువాళ్ళ లెక్కలు చూడడం నా వృత్తి. ఆ కాస్త కాలం మా కుటుంబంలో నేనే మహారాణిని. "వదినా, ఈ ఖర్చు రాసుకోవచ్చా?" అని మరిది ఫోన్ చేస్తాడు. "అమ్మాయ్, బ్యాంకువాళ్ళు ఏదో కాగితం పంపారు, చూసిపెట్టు" అని అత్తయ్య అడుగుతుంది. మా ఆయన కూడా ఆ రోజుల్లో గది తలుపు కొట్టి మరీ లోపలికి వస్తాడు. నేను వస్తుందంటే వస్తుంది, రాదంటే రాదు. ఎవరూ ఎదురు మాట్లాడరు. ఏప్రిల్ దాటిందంటే కిరీటం మా తోడికోడలి నెత్తికెక్కుతుంది.

ఆమె గురించి ఎక్కడ మొదలుపెట్టినా నాకు ఒళ్ళు మండుతుంది. మా మరిది భార్య. ఆపరేషన్‌కి ముందు మత్తు ఇచ్చే డాక్టరు. మేమంతా కాకినాడ చుట్టుపక్కల వాళ్ళం, ఆమెది వరంగల్. ఇద్దరూ ఇక్కడే చదువుకుంటూ ఇష్టపడి పెళ్ళి చేసుకున్నారు. ఇద్దరు పిల్లల్ని కన్నా కాలేజీ పిల్లలా ఉంటుంది. పూజకు గంట ఆలస్యంగా వచ్చినా "పాపం, డ్యూటీ నుంచి అటునుంచటే వచ్చింది" అంటుంది అత్తయ్య. నేను అయిదు నిమిషాలు ఆలస్యమైతే "ముస్తాబు అయిందా?" అంటుంది. అత్తయ్య ఉండేది వాళ్ళింట్లోనే, మాకు పది నిమిషాల డ్రైవ్. నాకు ఆ పిల్ల మీద కుళ్ళు. దానికి ఇంకో మర్యాదైన పేరు పెట్టడం నాకు చేతకాదు.

ఆ ఏడాది ఫిబ్రవరిలో ఆమె దగ్గర్నుంచి వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ వచ్చింది. "అక్కా, డొనేషన్స్‌ల ఒకటి మర్చిపోయిన. ఫుడ్ పాంట్రీకి వేటమాంసం ఇచ్చిన. రసీదు ఫొటో పంపిస్తున్న. ఏమన్న వస్తదేమో చూడండి."

రసీదు చూశాను. లేనివాళ్ళకు ఊరికే సరుకులు పంచే ఆ పాంట్రీ వాళ్ళు ముద్రవేసి ఇచ్చింది. గడ్డకట్టించిన మాంసం ఇన్ని పౌండ్లు అని ఉంది, అంతే. ఆ పౌండ్లు చూసేసరికి నాకు కళ్ళు తిరిగాయి. మా వైపు వేటమాంసం అంటే మేకమాంసం. ఆదివారం పొద్దున్నే మా నాన్న సంచిలో పట్టుకొచ్చేది, పెళ్ళైన మూడోనాడు మగపెళ్ళివారికి వండి పెట్టేది. ఆ మాట వింటే నాకు అల్లంవెల్లుల్లి ముద్ద గుర్తొస్తుంది గానీ అడవీ తుపాకీ గుర్తురావు. అంత వేటమాంసం కొని దానం చేసిందా! ఇండియన్ షాపులో రెండు పౌండ్లు కొనేటప్పుడే ఎముకలు ఎక్కువ వేశాడేమోనని నేను కవరు పిసికి చూస్తాను. ఆ పాంట్రీకే ఏళ్ళ తరబడి కందిపప్పూ బియ్యమూ బీన్సు డబ్బాలూ మోస్తున్నాను. ఇంట్లో ఒక్కరైనా ఇచ్చావా అని అడిగిన పాపాన పోలేదు. ఇప్పుడీమె మేకల మందనే ఇచ్చేసింది. ఇక అత్తయ్యకు తెలిస్తే ఉగాది దాకా అదే పురాణం.

అయినా పని పనే. దానమిచ్చినదాని ఖరీదు ఆదాయంలోంచి మినహాయించుకోవచ్చు. షాపులో మేకమాంసం ధర నాకు కంఠతా వచ్చు. దాన్ని పౌండ్లతో హెచ్చవేసి డ్రాఫ్ట్‌లో పెట్టాను. కొన్న బిల్లు ఫైల్ చేసేలోపు అడగాలని పక్కన ఎర్ర గుర్తు వేసుకున్నాను. అంతటితో ఊరుకోవచ్చుగా! నా నోట్లో నువ్వుగింజ నానదు. మరిదికి ఫోన్ చేసి, "మీ ఆవిడ దానం పుణ్యమా అని మీ రీఫండ్ కాస్త పెరిగిందయ్యా" అని చెప్పాను. ఆయన పొంగిపోయి, రీఫండ్ పెరిగిందని మాత్రం వెంటనే వాళ్ళమ్మకు చెప్పాడట.

ఉగాది భోజనం వాళ్ళింట్లో. పచ్చడి అయింది, పులిహోర అయింది, పంచాంగం యూట్యూబ్‌లో అయింది. మా అమ్మాయి కాలేజీ నుంచి వచ్చి ఉంది. అందరం సోఫాల్లో కూలబడ్డాక మా మరిది, "మీకో సర్‌ప్రైజ్" అంటూ టీవీలో ఫొటోలు పెట్టాడు.

ఎండిన గడ్డిలో మోకాళ్ళ మీద కూర్చుని మా తోడికోడలు. ఆకుల రంగు జాకెట్టు, జుట్టు ముడి, చేతిలో తుపాకీ, ముందు కొమ్ముల జింక. ఫొటోలో కూడా ఎంత బాగుందో చెప్పలేను. తెల్లవారుజామున లేచి, చలిలో కూర్చుని, జంతువును కొట్టిన మనిషి కూడా అలా తాజాగా ఉండాలా? నేను పెళ్ళి ఫొటోల్లో కూడా అలా లేను.

"పిన్నీ! యు ఆర్ సచ్ ఎ బ్యాడాస్!" అని మా అమ్మాయి సోఫా మీంచి ఎగిరి ఆమెను కావలించుకుంది. నన్ను చివరిసారి అలా ఎప్పుడు కావలించుకుందో నాకు గుర్తులేదు.

సంగతి ఏమిటంటే, ఆమె ఆసుపత్రిలో పనిచేసే నర్సు కుటుంబానికి ఊరికి దూరంగా పెద్ద పశువుల రాంచ్ ఉందట. అక్కడ జింకలు విపరీతంగా పెరిగిపోయాయట. ఈమె వేట నేర్పే క్లాసుకు వెళ్ళి, లైసెన్సు తీసుకుని, నవంబరులో వాళ్ళతో వెళ్ళి ఒకదాన్ని కొట్టిందట. ఇంట్లో ఏమంటారో అని మొగుడికి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఆ ఊళ్ళో మాంసం కొట్టువాడు దాన్ని కోసి, కీమా కొట్టి, ప్యాకెట్లు కట్టి ఇస్తే పాంట్రీకి ఇచ్చేసిందట.

నేను అత్తయ్య ముఖం వంక చూశాను. ఆవిడ పూజగిన్నెల పక్కన ఒకసారి పొరపాటున కోడిగుడ్ల అట్ట పెట్టినందుకు నాతో మూడు రోజులు మాట్లాడలేదు. ఇది లేడిని చంపడం. ఇప్పుడు పేలుతుంది చూడు అనుకున్నాను. నిజం చెప్పొద్దూ, పాయసం వడ్డిస్తుంటే చెంచా పట్టుకుని కూర్చున్నట్టు కూర్చున్నాను.

"లేడిని చంపావుటే?" అంది అత్తయ్య.

"అవును అత్తమ్మా. కోప్పడకు. ఆ ఒక్కదానితోని ఎన్ని ఇండ్లల్ల కూర అయిందో తెల్సా? పాంట్రీకి మాంసం ఎవ్వరు ఇయ్యరట. లైన్ల ఒక ముసలామె నా చెయ్యి పట్టుకొని ఏడ్చింది."

అత్తయ్య మళ్ళీ టీవీ వంక చూసింది. తర్వాత పమిట చెంగుతో కళ్ళు ఒత్తుకుంది. "ఆకలిగొన్నవాడి నోటికి అందించినదానికి పాపమేవిటమ్మా. నీ కడుపు చల్లగుండ" అంది.

అయిపోయింది. గుడ్ల అట్టకు మూడు రోజులు, నిండు జింకకు ఆశీర్వచనం. నా కళ్ళల్లో నిప్పులు పోసుకున్నట్టు అయింది. అప్పుడు వెలిగింది నాకు అసలు సంగతి.

"మరి నాకు వేటమాంసం అని చెప్పావేం?" అన్నాను.

"వేటాడిందే కదా అక్కా."

"వేటమాంసం అంటే మేక కాదూ!"

గదంతా ఒక్కసారి గొల్లుమంది. "అయ్యో అక్కా, మేకనైతే మేం యాట అంటం గదా! వేట అంటే వేటే!" అని ఆమె పొట్ట పట్టుకుని నవ్వింది. మా ఆయన కూడా నవ్వాడు. మా అమ్మాయికి ఆ మాటల్లో ఒక్కటీ అర్థం కాకపోయినా అందరికంటే గట్టిగా అదే నవ్వింది.

ఆ నవ్వు ఆగేదాకా ఆగి ఉండాల్సింది. మర్నాడు ఫోన్లో మెల్లగా చెప్పి ఉండాల్సింది. ఆగితే నేను నేనెలా అవుతాను? "అయితే ఆ మినహాయింపు రాదు" అన్నాను.

నవ్వు ఆగింది. "అదేంటి వదినా, మొన్న వచ్చిందన్నారు?" అన్నాడు మరిది.

చెప్పాను. మేకమాంసం షాపులో కొంటే దానికి ధర ఉంది, బిల్లు ఉంది, ఇచ్చినంతా చూపించుకోవచ్చు. అడవి జింక మాంసం అమ్మడం ఇక్కడ నేరం. అమ్మడానికి వీల్లేనిదానికి బజారు ధర ఎక్కడి నుంచి తెస్తాం? ఆ మాంసం మీద ఆమె జేబులోంచి ఏదైనా పెట్టి ఉంటే అంతవరకు అడగొచ్చు. కోసినవాడి కూలి ఆమె ఇచ్చిందా అంటే, అది కూడా ఎవరో దాతలు భరించారట. లైసెన్సూ తుపాకీ పెట్రోలూ ఆమె సరదా ఖర్చులు, దానంలోకి రావు. అంటే లెక్కలో రాయాల్సింది సున్నా.

ఆ చివరి ముక్క చెప్పేటప్పుడు నాకు హాయిగా ఉంది. దాచడం దేనికి, చాలా హాయిగా ఉంది.

"మేకకు వస్తుంది, లేడికి రాదా?" అంది అత్తయ్య. "లేడి మేక కంటే తక్కువా?"

"ఎక్కువా తక్కువా కాదత్తయ్యా, కొన్నదీ కొననిదీ. అడవిలో దొరికింది ఇచ్చి ఖరీదు అడిగితే అత్తసొమ్ము అల్లుడు దానం చేసినట్టు ఉంటుంది."

"నా సొమ్మేం దానం చేసిందే అది?" అని ఆవిడ లేచి కూర్చుంది.

మరిది ఈలోపు ఫోన్లో వెతికేశాడు. "వదినా, వేరే స్టేట్స్‌లో జింకమాంసం డొనేట్ చేస్తే క్రెడిట్ ఇస్తున్నారు, ఇదిగో." ఇస్తారు, నిజమే. అది ఆ రాష్ట్రాల ఆదాయపన్నులో తగ్గింపు. మన టెక్సాస్‌లో రాష్ట్రానికి కట్టే ఆదాయపన్నే లేనప్పుడు దేనిలోంచి తగ్గిస్తారు? ఇదంతా చెప్పాను. నా గొంతు పెరుగుతోందని నాకే వినపడుతోంది.

చివరికి అత్తయ్య తీర్పు ఇచ్చింది. "మేక అనుకున్నన్నాళ్ళూ రాసుంచావు. ఇది తన చేత్తో కొట్టిందని తెలియగానే కొట్టేశావు. నాకు తెలీదనుకున్నావా అమ్మాయ్?"

మా తోడికోడలు లేచి వెళ్ళి బొబ్బట్లు తెచ్చి, మొదట నా పళ్ళెంలోనే వేసింది. నెయ్యి కూడా వేసింది. తిట్టినా బాగుండేది.

తిరిగి వచ్చేటప్పుడు మా ఆయన డ్రైవ్ చేశాడు. మా వీధి మలుపు దగ్గర, "నిజంగా రూలు అదేనా, లేక..." అన్నాడు.

"లేక?"

"ఏం లేదులే."

ఆ 'లేక' దగ్గర నా ప్రాణం ఉసూరుమంది. వంటకు వంకలు పెట్టారు, పిల్ల పెంపకానికి పెట్టారు, చీర కట్టుకు పెట్టారు. ఇన్నేళ్ళలో నా లెక్కకు మాత్రం ఎవరూ వంక పెట్టలేదు. ఆ ఇంట్లో నా మాట చెల్లేది ఆ ఒక్కచోటే. నాకు కుళ్ళు అన్నది నిజం. రూలు అదే అన్నదీ నిజం. రెండూ ఒకే నోట్లోంచి వచ్చేసరికి వాళ్ళకు కుళ్ళే వినపడింది. ఆమె అంటే నాకు పంచప్రాణాలు అయినా అదే సున్నా చెప్పేదాన్ని. కాకపోతే బొబ్బట్టు తిన్నాక చెప్పేదాన్ని.

మర్నాడు పొద్దున్న వచ్చిన క్లయింటును పది నిమిషాలు బయట కూర్చోబెట్టి మళ్ళీ రూలంతా చదివాను. దేవుడా, నాది తప్పు కాకూడదు అని దండం పెట్టుకుంటూ చదివాను. తప్పు కాదు. అయినా మనసు కుదుటపడలేదు.

రెండు రోజుల తర్వాత మరిది దగ్గర్నుంచి మెసేజ్. "వదినా, ఫ్రెండ్ ఒకతను వేరే ప్రిపేరర్‌ని చెప్పాడు. ఆయన డీర్‌కి వస్తుందంటున్నారు. ఈ ఇయర్‌కి అక్కడ చేయిస్తాం, మీకు శ్రమ ఎందుకు." కింద నమస్కారం బొమ్మ.

శ్రమట! ఈ ఏడాది మరిది వెళ్తాడు, వచ్చే ఏడాది అత్తయ్య కాగితాలు వెళ్తాయి, ఆపైన వాళ్ళ మేనమామ కొడుకులు వెళ్తారు. పెద్దకోడలు కుళ్ళుతో లెక్కలు మారుస్తుందని డల్లాస్ అంతా పాకుతుంది. ఆ మధ్యాహ్నం వాళ్ళ రిటర్ను తెరిచాను. పోనీ రాసి పారేద్దునా అనిపించింది. ఒక్క అంకె. ఎవడు చూడొచ్చాడు? అంకె వేశాను. రీఫండ్ పెరిగింది. కింద తయారుచేసినవారు అన్నచోట నా పేరు ఉంది. మళ్ళీ తీసేశాను. తీసేస్తుంటే ఏడుపు వచ్చింది, దుఃఖంతో కాదు, ఉక్రోషంతో. ఎవరికోసం ఈ నిజాయితీ? దానివల్ల నాకు దక్కింది కుళ్ళుబోతు అన్న పేరు.

శనివారం పొద్దున్నే డోర్‌బెల్ మోగింది. తలుపు తీస్తే మా తోడికోడలు. డ్యూటీ బట్టల్లోనే, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నైట్ డ్యూటీ దిగి అటునుంచటే వచ్చిందట. కాఫీ ఇచ్చాను. ఆఫీసు గదిలోకి వచ్చి క్లయింట్లు కూర్చునే కుర్చీలో కూర్చుంది.

"ఆయన మెసేజ్ పెట్టిండట గదా అక్కా. నాకు నిన్ననే తెల్సింది. నేను ఆ మనిషి దగ్గరికి పోను."

"ఎందుకు? వస్తుందని చెప్పాడుగా."

"ఫోన్ల ఏది అడిగినా వస్తది అంటుండు. నా వేట బూట్లు గూడ రాసుకోమన్నడు." కాఫీ తాగింది. "నాకు మీరే చెయ్యాలె."

నాకు ఊరుకోబుద్ధి కాలేదు. "నేను కుళ్ళుకొని కొట్టేశానని అంటున్నారుగా మీ ఇంట్లో."

"కుళ్ళు ఉన్నదని నాకు తెల్సు గదక్కా." ఎంత మామూలుగా అందంటే, నా ఫోన్ నంబరు తెలుసు అన్నట్టు అంది. "పెండ్లయిన కాన్నుంచి తెల్సు. ఇంట్ల నేనేం చేసినా మంచిగుంది అంటరు. మొన్న పులుసుల ఉప్పే వెయ్యలే, అందరు మంచిగుంది అనుకుంటనే తిన్నరు. నాకు మంచి అనిపిస్తదా అట్ల? మీరొక్కరే మొహం మాడ్చుకుంటరు. నా లెక్కల తప్పు ఉంటే ఎవ్వరన్న ఇడిచిపెడతరు, మీరు ఇడిచిపెట్టరు. అందుకే వచ్చిన."

సంతోషించాల్సిన మాటే. ఈ కుటుంబంలో నా లెక్కను ఇంతగా నమ్మిన మనిషి ఇంకొకరు లేరు. నాకు మాత్రం ఒళ్ళు భగ్గుమంది. ఇన్నేళ్ళు కడుపులో పెట్టుకుని కుతకుతలాడినదాన్ని ఈ పిల్ల ఎప్పుడో చూసేసి, కోపం కూడా తెచ్చుకోకుండా, పనికొచ్చే వస్తువులా తీసి బల్ల మీద పెట్టింది. అంత పెద్ద మనసు కూడా దానికే ఉండాలా? కొంచెం నాకు ఇవ్వకూడదా ఆ దేవుడు?

"సున్నానే రాస్తాను" అన్నాను.

"రాయండి."

"ఒక్క పెన్నీ కూడా రాదు."

"రాకుంటే రాకపాయె. ముసలామె తిన్నది గదా." తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు ఫోన్ తీసింది. "ఆగండి, అత్తమ్మకు చెప్తా. మీ మీద అనవసరంగ కోపంగున్నది." నేను వద్దనేలోపే ఫోన్ కలిపి స్పీకర్లో పెట్టింది.

"అత్తమ్మా, నేను అక్క దగ్గర ఉన్న. ఆ జింకకు ఏం రాదు. రూల్ అంతేనట. అక్క చెప్పిందే కరెక్ట్."

అటువైపు కుక్కరు కూత వినపడింది. నేను కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. ఎంత లేదన్నా, ఆ మాట అత్తయ్య చెవిన పడాలని ఉగాది నాటి నుంచి నేను పడిన తపన నాకే తెలుసు.

"అవునా తల్లీ?" అంది అత్తయ్య. "అయితే నిజమే అయ్యుంటుంది. నువ్వు చెప్పాక ఇంకేవుంది."

తోడికోడలు గబుక్కున ఫోన్ ఆపేసింది. నా వైపు చూసి, నవ్వాలో వద్దో తెలియక నాలుక కరుచుకుంది. నేను కాగితం ఆమె ముందుకు జరిపి, సంతకం ఎక్కడ పెట్టాలో చూపించాను.